పది నిమిషాలకోసారి

సాయిలు చూసుకునే ఎనిమిది సాంచాల్లో నాలుగోది సోమవారం నుంచి ఆగి ఉందని ఫోను చెప్పింది. ఫోను ఆ మాట చెప్పినప్పుడు నాలుగో సాంచ నడుస్తూ ఉంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ప్రేమ్‌కుమార్ కార్ఖానాలో అవి పద్నాలుగు. గోడ వరుస ఎనిమిదీ సాయిలువి, తలుపు వరుస ఆరూ వేణువి. సాయిలువి అంటే సాయిలు చూసుకునేవని. సొంతదారు ప్రేమ్‌కుమార్, అంతకుముందు ప్రేమ్‌కుమార్ తండ్రి. ఆ పెద్దాయన కాలంలో పనికి కుదిరిన సాయిలు ముప్పై ఒక్క ఏండ్లుగా ఆ గోడ వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. ఆ నడక రోడ్డు మీద నడిచి ఉంటే కాశీకి పోయి, వచ్చి, మళ్ళీ పోయేవాడు. కార్ఖానాలో నడిచాడు కాబట్టి పుణ్యం రాలేదు, మోకాళ్ళ నొప్పి వచ్చింది.

ఆయన మాటలు తక్కువ. పద్నాలుగు సాంచాలు కొట్టుకునే చోట మాట్లాడాలంటే అవతలివాడి చెవిలో నోరు పెట్టి అరవాలి. అంత కష్టపడి చెప్పదగ్గ సంగతులు ఆయనకు వారానికి ఒకటో రెండో తట్టేవి. ప్రేమ్‌కుమార్‌ను చిన్నప్పుడు ప్రేమూ అని పిలిచేవాడు. సాంచాలు అతని పేరు మీదికి వచ్చినప్పటి నుంచి సేటూ అంటున్నాడు. ప్రేమ్‌కుమార్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ మామా అనే అంటాడు.

మృగశిర కార్తె దాటిన వారంలో ప్రేమ్‌కుమార్ జగిత్యాల నుంచి పద్నాలుగు నల్ల డబ్బీలు తెచ్చాడు. ఒక్కొక్కటి సబ్బుబిళ్ళలో సగం ఉంటుంది. వెనక అయస్కాంతం. సాంచ ఇనుప కాలికి అంటిస్తే పట్టుకుని ఉంటుంది. సాంచ అదురుతుంటే నడుస్తున్నదని, అదరకుంటే ఆగిందని ఆ డబ్బీ ఫోనుకు చెబుతుంది. వాటిని సెన్సర్లంటారని ప్రేమ్‌కుమార్ చెప్పాడు. ఫోనులో పద్నాలుగు దీపాలు కనిపించాయి. నడిస్తే పచ్చ, ఆగితే ఎరుపు.

"ఇగ నేను ఏడున్నా కార్ఖానాల ఉన్నట్టే మామా," అన్నాడు ప్రేమ్‌కుమార్.

"ఇన్నొద్దులు కార్ఖానాల ఉండి గూడ ఏడనో ఉన్నట్టే ఉంటివి గదా, లెక్క సరిపాయె," అన్నది సత్యవ్వ. ఆమె వసారాలో కూర్చుని కండెలు చుడుతుంది. కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట. నాడె పడుగు మధ్యలో అటూ ఇటూ పరిగెడుతుంటే కండె మీది నూలు ఊడి వచ్చి గుడ్డలో పేకగా పడుతుంది.

మొదట్లో డబ్బీలు క్షణానికోసారి చెప్పేవి. ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ నాడె మార్చినా ఫోను మోగేది. పద్నాలుగు సాంచాలకు పోగులు ఎన్ని తెగుతాయో ప్రేమ్‌కుమార్‌కు పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తెలిసింది. ప్రతి మోతకూ అతను సాయిలుకో వేణుకో ఫోన్ చేసేవాడు. కార్ఖానాలో ఫోను వినబడదు కాబట్టి వాళ్ళకు ఇబ్బంది కాలేదు.

ఇలా పదకొండు రోజులు గడిచాక ప్రేమ్‌కుమార్ బావమరిది పెండ్లి కోరుట్లలో అయింది. సత్యవ్వ కూడా పోయి వచ్చి, సాయిలు తాగునీళ్ళకు వసారాలోకి వచ్చినప్పుడు చెప్పింది.

"పంతులు మంత్రం సదువుతుండు సాయన్నా, ఈయన జేబు మొత్తుకుంటున్నది. పంతులు ఆగిండు. జేబు ఆగలే. మల్ల మొదలువెట్టిండు, మల్ల మొత్తుకున్నది. ఆఖరుకు పంతులే అన్నడు, 'అయ్యా, ఆ ఫోనెత్తున్రి, అవుతలోళ్ళకు ఏం ఆపద అచ్చిందో ఏమో' అని. ఈయన ఏమన్నడో ఎరుకేనా? 'మాట్లాడే ఫోన్ గాదు పంతులుగారూ, మా పదకొండో సాంచల పోగు తెగింది' అన్నడు. మండపంల అందరు ఇన్నరు."

"తెగింది నిజమే," అన్నాడు సాయిలు. "వేణు ముడేసిండు."

"బువ్వకాడికి అచ్చెటాలకు ఆ ఫోను పెనం లెక్క కాగింది. రొమ్ము సుర్రుమంటున్నదని ఎడమ చేతిల పట్టుకొని కుడి చేత్తోని తింటుండు. సగం బువ్వల ఫోన్ల కరెంటైపాయె. ఇగ ఇస్తరి ముట్టలే, ఇల్లిల్లు తిరిగిండు ఛార్జర్ కోసం. పెండ్లాం అనురాధ అందరి ముంగటనే అన్నది, 'ఫోనన్న నడుపు, సంసారమన్న నడుపు, రెండు నడ్వయి' అని."

పెండ్లి మర్నాడు ఆదివారం. ప్రేమ్‌కుమార్ కోరుట్ల నుంచి నేరుగా జగిత్యాలకు పోయాడు. డబ్బీలు అమ్మిన దుకాణం బుర్హానుద్దీన్‌ది. ఆయన ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు ఫోన్ల పని కూతురు మిస్బా చూస్తుంది, ఆయన కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ బాగుచేయలేని రేడియోలను చూస్తుంటాడు. మిస్బా ఫోను తీసుకుని ఏవో రెండు చోట్ల నొక్కి, క్షణానికోసారిని పది నిమిషాలకోసారి చేసింది. మోతను పూర్తిగా ఆపింది.

"అన్నం ఉడుకుతున్నదా లేదా అని ఎన్నిసార్లు మూత తీస్తవ్ ప్రేమ్‌కుమార్ సాబ్?" అన్నాడట బుర్హానుద్దీన్. "మూత తీసిన కొద్ది ఉడుకది."

ఫోను చల్లబడింది. అనురాధ చల్లబడింది. ప్రేమ్‌కుమార్ మూడు రోజులు ఫోనులో ఆ దీపాల జోలికే పోలేదు. నాలుగో రోజు, గురువారం, బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చుని తెరిచి చూస్తే పదమూడు దీపాలు పచ్చగా ఉన్నాయి. నాలుగోది ఎర్రగా ఉంది. కింద సోమవారం నుంచి గురువారం దాకా లెక్క ఉంది. నాలుగో సాంచ నడిచింది సున్నా శాతం.

ఇక్కడ సాయిలు పనితీరు ఒకటి చెప్పాలి. ఒక కండె పన్నెండు పదమూడు నిమిషాలు వస్తుంది. చాలామంది అది అయిపోయేదాకా చూస్తారు. అయిపోయిన సంగతి కనిపెట్టకపోతే ఉత్త నాడె తిరిగి గుడ్డలో సందు పడుతుంది. సాయిలు అంతదాకా రానివ్వడు. ఆయనకు పిల్లనిచ్చి పని కూడా నేర్పిన మల్లేశం, "ఆకలైనంక పొయ్యి ముట్టిస్తరా?" అనేవాడు. అందుకని గోడ గడియారంలో పెద్ద ముల్లు సరి అంకె మీదికి, అంటే రెండో నాలుగో ఆరో వాటి మీదికి రాగానే సాయిలు ఒకటో సాంచ ఆపుతాడు. నిండు కండె ఉన్న నాడె వేసి నడిపిస్తాడు. రెండోదానికి పోతాడు. ఒక్కోదానికి ఇరవై లెక్కపెట్టేంత సేపు. ఎనిమిదీ అయ్యాక తెగిన పోగులు చూసుకుంటాడు. ముల్లు మళ్ళీ సరి అంకె మీదికి వస్తే మళ్ళీ ఒకటి నుంచి. పది నిమిషాలకొక చుట్టు, ముప్పై ఒక్క ఏండ్లు. ఆయన గుడ్డలో సందు ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. కండెల మీద నూలు మిగులుతున్నదని సత్యవ్వ మాత్రం రోజూ అంటుంది.

"కంచంల సగం ఇడిసి లేసే పెద్దింటి అల్లునివా నువ్వు?" అంటుంది.

గురువారం పగలు పదకొండు గంటలకు ప్రేమ్‌కుమార్ వచ్చి సాయిలును వసారాలోకి పిలిచాడు.

"నాలుగోదాన్ని ఎందుకు నడుపుతలెవ్ మామా?"

"నడుస్తున్నది."

"ఫోన్ల సున్నా ఉన్నది."

సాయిలు తలుపులోంచి వేలు చూపించాడు. నాలుగో సాంచ నడుస్తూ ఉంది.

"నన్ను జూసి నడిపినవ్."

"నువ్వచ్చింది నేను జూడలే."

"సరే, తొందరెందుకు? పది నిమిషాలైతే ఫోనే చెప్తది," అని ప్రేమ్‌కుమార్ పీట వేసుకుని నాలుగో సాంచ ఎదురుగా కూర్చున్నాడు. ఒక కన్ను ఫోను మీద, ఒక కన్ను సాంచ మీద. గడియారం ముల్లు సరి అంకె మీదికి వచ్చింది. సాయిలు ఒకటోది ఆపి నాడె మార్చాడు. రెండోది మార్చాడు. మూడోది మార్చాడు. నాలుగోది ఆపాడు. అదే క్షణంలో ఫోను కొత్త లెక్క తీసుకుంది.

ప్రేమ్‌కుమార్ పీట మీంచి లేచాడు. "ఆగింది!"

"నాడె మారుస్తున్న," అని సాయిలు అతని చెవిలో అరిచాడు.

"ఫోను ఏం జెప్పిందో గదే అయింది గదా!"

"అన్నిట్ని ఆపుత సేటూ. అన్నిటికి నాడె మార్వాలె గదా."

"అన్నిటికి పచ్చ ఉన్నది. ఆగితే ఎరుపు రావాలె గదా మామా?"

 అంతలో ఐదోదాని వంతు వచ్చింది, సాయిలు పోయాడు. ప్రేమ్‌కుమార్ తొందరపడి అన్యాయం చేయకూడదని ఇంకో మూడు చుట్లు కూర్చుని చూశాడు. మూడు సార్లూ ఫోను చూసే సమయానికి నాలుగోది ఆగింది.

మధ్యాహ్నం తిండికి సాంచాలు ఆపినప్పుడు మళ్ళీ మాట వచ్చింది.

"సున్నా అయితే నాలుగోదాని మీద గుడ్డెట్ల అచ్చింది?" అన్నాడు సాయిలు.

"ఎప్పుడచ్చిందో ఫోన్ల లేదు."

"నిన్న కోసిన గుడ్డ జూసినవా? ఎప్పటంతనే ఉన్నది."

"జూసిన. నేను గూడ అదే ఆలోచన జేసిన." ప్రేమ్‌కుమార్ నిజంగానే ఆలోచించాడు, ముఖం చూస్తే తెలుస్తుంది. "ఏడు నడిస్తేనే ఎనిమిదింటి గుడ్డ అత్తున్నదంటే, ఎనిమిదోది ఎందుకు మామా? కరెంటు దండుగ."

"అయితే ఆ ఏడు గూడ బంద్ వెట్టి సూడు," అన్నది సత్యవ్వ. "ఒక్కదాని మీద అన్నిటి గుడ్డ అత్తదేమో."

ఆ సాయంత్రమే నాలుగో సాంచను మోటారుతో తిప్పే పట్టా తీసేశారు. సగం నేసిన గుడ్డ, మిగిలిన పడుగు దాని మీదే ఉన్నాయి. దాని కాలికున్న డబ్బీని ప్రేమ్‌కుమార్ జేబులో వేసుకుని పోయి ఇంటి నీళ్ళ మోటారుకు అంటించాడు. పాత ఇనుము కొనే వీరేందర్‌కు ఫోన్ చేస్తే, "ఒక్క సాంచకు బండి తిప్పలేను సేట్, రెండైనంక చెప్పున్రి," అన్నాడు.

శుక్రవారం పొద్దున సాయిలు ఒకటి, రెండు, మూడు మార్చి, నాలుగోదాన్ని దాటి ఐదోదాన్ని ఆపాడు. శుక్రవారం నుంచి ఫోనులో ఐదోది ఎరుపు.

సోమవారం దాకా ప్రేమ్‌కుమార్ ఓపిక పట్టాడు. సోమవారం వచ్చి, ఐదో సాంచ చుట్టూ ఒకసారి తిరిగి, దాని మీద చెయ్యి వేసి చూశాడు, జ్వరం చూసినట్టు.

"అంటుకున్నది," అన్నాడు.

"ఏమంటుకున్నది?"

"పక్కపక్కన ఉండె గదా. పాతబడ్డయి మామా, రెండొక్క యేడు కొన్నయి." ఆపైన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "వీరేందర్ శనివారం బండి తెస్తనన్నడు. నీకు ఆరే ఉంటయి. ఆరింటికి ఒక మనిషెందుకు? వేణు కుర్రోడు, పన్నెండు చూస్తనన్నడు. ఇన్నేండ్లు జేసినవ్, ఇగ మోకాళ్ళకు జర ఇరాం ఇయ్యరాదు?"

 సాయిలుకు యాభై ఎనిమిది. సిరిసిల్లలో యాభై దాటినవాడిని కొత్తగా పనికి పెట్టుకునే కార్ఖానా లేదు. ఎనిమిది సాంచాలు లేని సాయిలు అంటే మోకాళ్ళ నొప్పి ఒక్కటే ఉన్న సాయిలు.

ఆ రోజంతా ఆయన పని చేస్తూ ప్రేమ్‌కుమార్ చేతిలోని ఫోనును గమనించాడు. దీపాల పక్కన ఒక చిన్న గుండ్రటి గుర్తు ఉంది. కొత్త లెక్క తీసుకున్నప్పుడు అది ఒకసారి గిర్రున తిరుగుతుంది. అది తిరిగినప్పుడల్లా తాను ఐదోదాని దగ్గరే ఉంటున్నాడు. పోయిన గురువారం తిరిగినప్పుడు నాలుగోదాని దగ్గర ఉన్నాడు. ఈ రెండు సంగతులనూ సాయిలు పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు చూశాడు.

బుధవారం లైను మరమ్మతని మధ్యాహ్నం దాకా కరెంటు తీశారు. సాయిలు చొక్కా మార్చుకుని వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కాడు.

దుకాణంలో మిస్బా ఎవరిదో ఫోను వెనక అద్దం ఊడదీస్తూ ఉంది. సాయిలు తాను ఎవరో, ఏ కార్ఖానాయో చెప్పాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టాక అడిగాడు.

"గా డబ్బీ సాంచను ఎప్పుడెప్పుడు జూస్తది బిడ్డా?"

"పది నిమిషాలకోసారి చాచా. ప్రేమన్న గట్లనే పెట్టుమన్నడు."

"నడుమల?"

"నడుమల చూడది, పండుకుంటది. గందుకే ఫోన్ వేడి గాదు."

"పది నిమిషాలంటే ఏడికెళ్ళి లెక్క?"

"గంటకెళ్ళి. పది గంటలు, పదీ పది, పదీ ఇరవై. గట్ల."

సాయిలు ఆమె బల్ల మీది ఫోనులో టైము చూశాడు. తన కార్ఖానా గోడ గడియారం ఒక నిమిషం ముందు నడుస్తుంది. మల్లేశం బతికి ఉన్నప్పుడు కూడా ఒక నిమిషం ముందే నడిచేది, ఎవరూ సరిచేయలేదు. సాయిలు వేళ్ళు మడిచాడు. ఒకటోదానికి ఇరవై. రెండోదానికి ఇరవై. మూడోదానికి ఇరవై. నిమిషమైంది. నాలుగో వేలు మడిచి, దాన్ని అలాగే పట్టుకున్నాడు.

"నీ డబ్బీ కండ్లు దెరిసినప్పుడల్ల నేను నాలుగోదాని కాడ ఉంట," అన్నాడు. "నాలుగోదాన్ని తీస్తే ఐదోది నాలుగో వంతుకు అచ్చింది."

మిస్బా స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "ఎంతసేపు ఆపుతవ్ చాచా?"

"ఇరవై లెక్కలు."

"రోజంతా నడిచేదాన్ని గా ఇరవై లెక్కల్లనే పట్టుకుంటున్నదా?" అని నవ్వింది. తర్వాత శనివారం సంగతి సాయిలు చెప్పాడు, అప్పుడు నవ్వలేదు.

కుర్చీలోంచి బుర్హానుద్దీన్ అన్నాడు, "కొందరుంటరు చూడు సాయిలు భాయ్, ఎప్పుడు ఫోటో తీసినా కండ్లు మూసే ఉంటరు. నా తమ్మునికి పిల్లనియ్యొచ్చినోళ్ళు ఫోటోలు చూసి గుడ్డోడనుకున్నరు. మనిషిని చూసేదాక నమ్మలే."

"మా సేటు సాంచను ఎదురుంగ కూసొని జూసిండు," అన్నాడు సాయిలు. "అయినా ఫోటోనే నమ్మిండు."

"నేను ఇప్పుడే ప్రేమన్నకు ఫోన్ చేసి చెప్త," అన్నది మిస్బా. "నేను పెట్టిన పది నిమిషాలే గదా."

"వద్దు బిడ్డా. నువ్వు జెప్తే, సాయిలు పోయి చెప్పిపిచ్చిండంటడు. ఆయనకు ఫోనే జెప్పాలె. శనివారం దాక పది నిమిషాలు గట్లనే ఉండనియ్యి."

శనివారం పొద్దున తొమ్మిదింటికే వీరేందర్ బండి వచ్చింది. వీరేందర్, ఇద్దరు మనుషులు, తాళ్ళు, ఇనుప గడ్డపారలు. ప్రేమ్‌కుమార్ వాళ్ళకు నాలుగోది చూపించాడు, తర్వాత నడుస్తున్న ఐదోది చూపించాడు.

"నడుస్తున్నది గదా సేట్," అని వీరేందర్ అరిచాడు.

"నడుస్తలేదు," అని ప్రేమ్‌కుమార్ అరిచి ఫోను చూపించాడు.

సాయిలు వచ్చి ప్రేమ్‌కుమార్ చెవి దగ్గర వంగాడు. "సేటూ, పది నిమిషాలాగు. ఏ సాంచ ఎర్రగ గావాల్నో నువ్వే జెప్పు."

"ఏంది?"

"ఫోన్ల. ఒక అంకె జెప్పు."

ప్రేమ్‌కుమార్ "ఏడు," అన్నాడు.

ముల్లు సరి అంకె మీదికి వచ్చింది. సాయిలు ఒకటోది మార్చాడు, రెండోది మార్చాడు, మూడోది మార్చాడు. ఐదు, ఆరు దాటి ఏడోదాని దగ్గరికి పోయి ఆపాడు. ఫోనులో గుర్తు గిర్రున తిరిగింది. ఏడోది ఎర్రబడింది. ఐదోది వారం తర్వాత మొదటిసారి పచ్చబడింది.

ప్రేమ్‌కుమార్ ఫోనును దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఐదోది బాగైంది మామా," అన్నాడు. "కని ఏడోదానికి అచ్చింది."

వీరేందర్ తన మనుషులను ఏడోదాని వైపు పంపబోయాడు.

"ఇంకోటి జెప్పు," అన్నాడు సాయిలు.

"రెండు."

ఇంకో పది నిమిషాలు. ఈసారి సాయిలు ఎనిమిది, ఏడు, ఆరు మార్చి, గబగబా నడిచి వచ్చి రెండోది ఆపాడు. గబగబా నడవడం ఆయన మోకాళ్ళకు నచ్చలేదు. రెండోది ఎర్రబడింది, ఏడోది పచ్చబడింది. వేణు తన వరుస వదిలి వచ్చి చూస్తున్నాడు. అతని సాంచాల మీద రెండు పోగులు తెగాయి, ఎవరూ చూడలేదు.

"నాదొకటి," అన్నాడు వీరేందర్. "ఎనిమిది తెప్పియ్యి."

ఎనిమిది వచ్చింది. వీరేందర్ మనుషుల్లో ఒకడు తనకు ఆరు కావాలన్నాడు కాని ప్రేమ్‌కుమార్ వద్దన్నాడు. అతను పీట మీద కూర్చున్నాడు. సాయిలు అతని పక్కన వంగి, ఆ ముప్పై ఒక్క ఏండ్లలో కార్ఖానాలో తాను మాట్లాడినవాటిలో అన్నిటికంటె పొడుగు మాట మాట్లాడాడు.

"ఆగేది సాంచ గాదు సేటూ, నేనే ఆపుత. అన్నిట్ని ఆపుత, ఇరవై లెక్కలు. నీ ఫోను పది నిమిషాలకోసారి జూస్తది, నేను పది నిమిషాలకోసారి చుట్టు తిరుగుత. అది జూసెటాలకు నాలుగో వంతుల ఏది ఉంటే గది దొరుకుతది. నాలుగోది తీస్తివి, ఐదోది దొరికె. ఐదోది అమ్మితే ఆరోది దొరుకుతది. అట్ల అమ్ముకుంట పో. మూడు మిగిలినంక ఆగు. ఆ మూడు ఫోన్ల మంచిగ నడుస్తయి."

ప్రేమ్‌కుమార్ వేళ్ళు మడవడం మొదలుపెట్టి మూడో వేలు దగ్గర ఆపాడు.

"మరి ఆ గురువారం నాలుగు చుట్లు నేను ఈడనే కూసుంటి గదా," అన్నాడు. అది ఎవరిని అడిగాడో తెలియలేదు.

వీరేందర్ ఉత్త బండితో పోనన్నాడు. కార్ఖానా వెనక పెద్దాయన కాలం నుంచి పడి ఉన్న తుప్పు ఇరుసులు రెండు వేసుకుని పోయాడు. పోతూ సాయిలు భుజం తట్టి, "మా ఇంటిదాన్ని గూడ ఫోన్ల గిట్లనే పచ్చగ చూపియ్యరాదు అన్నా," అన్నాడు.

వసారాలోకి వచ్చి ప్రేమ్‌కుమార్ మిస్బాకు ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాడు.

"తెలుసన్నా, చాచా వచ్చిండు," అన్నది మిస్బా. "ఇప్పుడు ఎన్ని నిమిషాలకోసారి పెట్టుమంటరు? ఎప్పటిలెక్క క్షణక్షణం పెట్టనా?"

"వద్దు వద్దు," అన్నాడు ప్రేమ్‌కుమార్. కోరుట్ల గుర్తొచ్చినట్టుంది. "ఐదు?"

"ఐదు పెడితే రెండోసారి పది నిమిషాల కాడనే పడ్తది గదన్నా. మల్ల నాలుగోదే దొరుకుతది."

"ఏడు," అన్నాడు సాయిలు.

"నేను గూడ ఏడే అనబోయిన చాచా! ఎట్ల పట్టుకున్నవ్?"

బస్సులో వచ్చేటప్పుడు ఎక్కం చదువుకున్నానని సాయిలు చెప్పాడు. ఏడూ పదీ డెబ్బై నిమిషాలకు గాని కలవవు. ఊళ్ళో బడిలో ఆయన చదివింది ఐదు వరకే గాని, అప్పట్లో ఐదుకే పంతొమ్మిదో ఎక్కం దాకా అప్పజెప్పించేవారు.

"అంటే ఒకపారి దీన్ని, ఒకపారి దాన్ని పట్టుకుంటది," అన్నది మిస్బా. "శానసార్లు ఎవ్వల్ని పట్టుకోది."

"అయితే అన్నిటికి జర జర ఎరుపు అస్తదా?" అన్నాడు ప్రేమ్‌కుమార్ అనుమానంగా.

"అన్ని జర జర ఆగుతయి గదా సేటూ," అన్నాడు సాయిలు.

ప్రేమ్‌కుమార్ దీన్ని మనసులో రెండుసార్లు తిప్పి చూసుకుని, మిస్బా చెప్పిన చోట నొక్కి ఏడు పెట్టాడు. సాయిలు సంగతి, వేణు సంగతి, పన్నెండు సాంచాల సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు. "పట్టా ఏడవెట్టినం?" అని మాత్రం అడిగాడు.

నాలుగో సాంచకు పట్టా ఎక్కింది. డబ్బీ మాత్రం తిరిగి రాలేదు. నీళ్ళ మోటారు నడుస్తున్నదో లేదో పైనుంచే తెలుస్తున్నదని అనురాధ ఇవ్వలేదు. అందుకని ఫోనులో సాంచాలు పదమూడు, ఒక నీళ్ళ మోటారు. కార్ఖానాలో సాంచాలు పద్నాలుగు.

తొమ్మిది రోజులు నిలబడిన సాంచ ఒక్కసారి నడవదు. పడుగు వదులైంది, పోగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. సాయిలు తడిగుడ్డతో ఒత్తి, బిగించి, పదిహేను పోగులు ముడివేసి, చేత్తో నాలుగుసార్లు తిప్పి, అప్పుడు నడిపించాడు. నడిచింది.

మళ్ళీ బుధవారం గుడ్డ కోసేటప్పుడు ప్రేమ్‌కుమార్ కూడా ఉన్నాడు. నాలుగోదాని గుడ్డ పరిచి చూస్తుంటే, మధ్యలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా ఒక గీత కనబడింది. గోరుతో గీకాడు. పోలేదు.

"గిదేంది మామా?"

"ఆగిన గీత. రోజులకొద్ది నిలవడితే పడ్తది."

"ఎప్పుడాగింది?"

"నువ్వు పట్టా తీపిచ్చిననాడు."

ప్రేమ్‌కుమార్ గీతను వెలుతురుకు పట్టుకుని చూశాడు. తర్వాత మిగిలిన ఏడు సాంచాల గుడ్డలూ ఒక్కొక్కటే పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూశాడు. చాలాసేపు పట్టింది.

"వీటికి లెవ్వు," అన్నాడు.

"లెవ్వు."

"అంటే నిజంగ ఆగితే గుడ్డ మీదనే తెలుస్తదా? ముందుగాలనే జెప్పద్దా మామా!"

"నువ్వు ఫోన్లనే జూస్తివి," అన్నాడు సాయిలు.

ప్రేమ్‌కుమార్ ఆ గుడ్డను గీత లోపలికి పోయేలా మడిచాడు. కట్టలో అన్నిటికంటె అడుగున పెట్టాడు. దాని మీద వేణు నేసిన గుడ్డ పెట్టాడు.